గబ్బిలాలకు పెట్టె కొట్టే ముందు తాటిచెట్టు ఎండు మట్టలు చూడండి



పక్షి స్థావరాల గురించి వీడియో పెట్టినప్పటి నుంచీ చాలామంది ఒకటే అడుగుతున్నారు. "గబ్బిలాలకు చెక్క పెట్టెలు కట్టి తోటలో పెడితే పురుగు పోతుందంట గదా, నిజమేనా?" అని. పెట్టె ఎట్టా కోయాలి, ఎట్టా బిగించాలి అన్నది పైనున్న వీడియోలో చూపించాను. ఇక్కడ రాసేది నా అభిప్రాయం. పెట్టె మంచిదే. కానీ మన పల్నాడులో అది రెండో పని. మొదటి పని వేరే ఉంది. దాన్ని వదిలేసి పెట్టెలు కొనుక్కుంటే డబ్బు దండగ.

ముందు ఈ ఆలోచన ఎందుకొచ్చిందో చెబుతాను. ప్రకృతి వ్యవసాయంలో మనం పగటి కూలీలకు అన్నీ అమర్చాం. కాకులు, గోరింకలు, ఏట్రింతలు వాలటానికి చేలో కర్రలు పాతుతున్నాం. సాలీళ్లు, అక్షింతల పురుగుల కోసం గట్టున బంతి, అలసంద వేస్తున్నాం. బాగానే ఉంది. మరి మనకు నష్టం చేసే తల్లి పురుగు ఎప్పుడు తిరుగుతుంది? పత్తిలో గులాబీ రంగు పురుగు, శనగపచ్చ పురుగు, మిరపలో, వేరుశనగలో పొగాకు లద్దెపురుగు, వీటి రెక్కల పురుగులన్నీ పొద్దుగూకినాకే బయటికొస్తాయి. గోరింక గూటికి పోయినాక ఇవి గుడ్లు పెట్టే పని మొదలుపెడతాయి. శనగపచ్చ పురుగు తల్లి ఒక్కటే వందల గుడ్లు పెడుతుంది. తెల్లారి మనం చేలోకి పోయేసరికి గుడ్డు ఆకు మీద ఉంటుంది. ఇంక నీమాస్త్రం, అగ్నిఅస్త్రం మొదలు. గుడ్డు పెట్టకముందే తల్లిని గాలిలో పట్టుకునే కూలీ రాత్రి పూట ఒకళ్లున్నారు, గబ్బిలం. గుడ్లగూబను కూడా కలపొచ్చు గానీ దాని కన్నంతా ఎలుక మీదే. లింగాకర్షక బుట్ట మగ పురుగునే పడుతుంది. దీపపు ఎర మంచి పురుగునూ చెడ్డ పురుగునూ కలిపి చంపుతుంది. గబ్బిలానికి కరెంటు బిల్లు లేదు, ల్యూరు మార్చే పని లేదు.

ఇది ఉత్త మాట కాదు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో పత్తి పండించే ఎనిమిది కౌంటీల్లో గబ్బిలాలు ఎంత మేలు చేస్తున్నాయో లెక్కకట్టి 2006లో ఒక అధ్యయనం వేశారు. ఏడాదికి దాదాపు 7 లక్షల 40 వేల డాలర్లని తేలింది. అక్కడ అవి తినేది మన శనగపచ్చ పురుగుకు చెల్లెలి వరసయ్యే పురుగే. స్పెయిన్ దేశంలో ఎబ్రో నది డెల్టాలో వరి పొలాల మధ్య చెక్క పెట్టెలు పెట్టారు. మన చిటికెన వేలంత ఉండే చిన్న గబ్బిలాలు వాటిలో చేరి ఏళ్ల మీద వేలకు పెరిగాయి. వరి కాండం తొలిచే పురుగు ఉద్ధృతి తగ్గింది. దాని మీద 2015లో వ్యాసం అచ్చయింది. థాయ్‌లాండ్‌లో గుహ గబ్బిలాలు వరి మీద తెల్ల వీపు దోమను తినటం కూడా నమోదైంది. పత్తి, వరి రెండూ మన పంటలే గదా.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. టెక్సాస్‌లో ఆ పని చేసేది పెట్టెల్లోని గబ్బిలాలు కాదు. అవి గుహల్లో, వంతెనల కింద లక్షల్లో, కొన్ని చోట్ల కోటికి పైగా ఉంటాయి. మనం తోటలో ఒక్క పెట్టె తగిలించి, దాంట్లో ఇరవై గబ్బిలాలు చేరగానే ఎకరం పత్తికి కాపలా అయిపోయిందనుకుంటే కుదరదు. "ఒక్క గబ్బిలం గంటకు వెయ్యి దోమలు తింటుంది" అని వాట్సాప్‌లో తిరిగే మాట కూడా అట్టాంటిదే. గదిలో దోమలు వదిలి, గబ్బిలాన్ని కొన్ని నిమిషాలు గమనించి, ఆ లెక్కను గంటకు గుణిస్తే వచ్చిన అంకె అది. చేలో ఏ గబ్బిలమూ అట్టా గంటల తరబడి ఒక్క దోమలనే ఏరుకుని తినదు. అది దొరికింది తింటుంది. పెద్ద పురుగు దొరికితే దోమ వెంట ఎందుకు పడుతుంది?

పెట్టె పెడితే గబ్బిలం వస్తుందన్న గ్యారంటీ కూడా లేదు. అమెరికాలోనే ఫ్లారిడాలో షుగర్‌లోఫ్ అనే దీవిలో 1929లో ఒక ఆసామి దోమల బాధ పడలేక గబ్బిలాల కోసం పెద్ద చెక్క బురుజు కట్టించాడు. ఒక్కటీ చేరలేదు. 2017 తుపానులో పడిపోయేదాకా ఆ బురుజు ఖాళీగానే నిలబడింది. అదే ఫ్లారిడాలో గెయిన్స్‌విల్ యూనివర్సిటీ వాళ్లు స్టేడియంలో ఉంటున్న గబ్బిలాల కోసం 1991లో ఒక ఇల్లు కట్టారు. అవి అందులో స్థిరపడటానికి మూడు నాలుగేళ్లు పట్టింది. ఆ తర్వాత లక్షల్లో పెరిగాయి. ఒకచోట అసలు రాలేదు, ఇంకోచోట నిదానంగా వచ్చాయి. కాబట్టి అమ్మేవాడు "నెల రోజుల్లో ఫలితం" అంటే వాడి దగ్గర కొనొద్దు. మేము రెండు పెట్టాం, ఒకటి మోటారు షెడ్డు గోడకు, ఒకటి తోట గట్టున ఇనుప పైపు మీద. షెడ్డు గోడ పెట్టె కింద రెండో వానాకాలంలో రెట్ట కనపడింది. పైపు మీదది ఇప్పటికీ ఖాళీయే. నాకు ఆశ్చర్యం ఏమీ లేదు.

ఇంకో సంగతి. అన్ని గబ్బిలాలూ పెట్టెలో దూరవు. చింతచెట్టుకు, మర్రిచెట్టుకు బారుగా వేలాడే పెద్ద గబ్బిలం ఉంది చూశారా, అది పండ్లు తినేది, కొమ్మకే వేలాడుతుంది. దానికి మీరు భవంతి కట్టినా రాదు. గుళ్ల మండపాల్లో, కోటల్లో, గుత్తికొండ బిలం లాంటి గుహల్లో ఉండే జాతులకు విశాలమైన చీకటి గది కావాలి, వేలాడటానికి కప్పు కావాలి. పెట్టెకు వచ్చేవి సందుల్లో ఇరుక్కుని ఉండే చిన్న జాతులే. వీధి దీపం చుట్టూ మాపటేల గిరగిరా తిరిగే బుల్లి గబ్బిలాయి, కాస్త పెద్దగా పసుపు పొట్టతో ఉండే ఇళ్ల గబ్బిలాయి, ఇవి. ఈ రెండోది ఎక్కడుంటుందో గమనించారా? తాటిచెట్టు మొవ్వు కింద ఎండిపోయి వేలాడే మట్టల మధ్య. పొద్దుగూకే వేళ ఆ చెట్టు కింద నిలబడితే కిచకిచమని సన్నటి అలికిడి వినపడుతుంది. ఆ తర్వాత ఒక్కోటి జారి బయటికొస్తుంది.

అందుకే మొదటి పని తాటిచెట్టు దగ్గర ఉందంటున్నాను. మన దుర్గి, మాచర్ల, గురజాల వైపు పొలం గట్ల మీద తాళ్లు ఎన్నుండేవో పెద్దవాళ్లను అడగండి. ట్రాక్టరు తిరగటానికి అడ్డమని కొన్ని, ఇటుక బట్టీలకని కొన్ని, గట్టు తగాదాల్లో కొన్ని పోయాయి. మిగిలిన వాటికి ఎండు మట్టలు శుభ్రంగా కొట్టేసి, కొందరు చెట్టుమీదే నిప్పు పెట్టేస్తున్నారు. కల్లు గీసే చెట్టుకు మట్టలు తియ్యక తప్పదు, గీసేవాళ్ల ప్రాణం ముఖ్యం. కానీ గీయని చెట్లకు ఎందుకు? పది తాళ్లుంటే నాలుగింటికి మట్టలు వదిలేయండి. చేతి నుంచి రూపాయి ఖర్చు లేదు. మీరు కట్టే పెట్టెకన్నా అది వందేళ్లుగా పరీక్షకు నిలబడిన పెట్టె.

రెండోది తొర్రలున్న చింతలు, రావులు, వేపలు. రోడ్లు వెడల్పు చేసేటప్పుడు ముందు పోయేవి ఇవే. "లోపల డొల్ల, ఎప్పటికైనా పడేదే" అంటారు. డొల్లగా ఉందనే గదా గబ్బిలం, చిలక, గుడ్లగూబ దాంట్లో ఉండేది! రోడ్డు మీదికి ఒరిగిన చెట్టు సంగతి వేరు. పొలంలో నిలబడ్డ తొర్ర చెట్టును వంటచెరుకు రేటుకు అమ్ముకుని, ఆ డబ్బుతో గబ్బిలాల పెట్టె కొనటం ఏం లెక్కండీ?

మూడోది మన పాత ఇళ్లు. రాతి గోడలు, మట్టి అడుసు, పైన నాపరాళ్ల కప్పు. ఆ సందుల్లో తరాలుగా ఇవి కాపురమున్నాయి. ఇప్పుడన్నీ స్లాబులు, సిమెంటు పూతలు. మనుషులకు మంచి ఇల్లు కావాల్సిందే, పాత ఇంట్లో ఉండమని ఎవరికీ చెప్పను. కాకపోతే పొలంలో మోటారు షెడ్డు, పశువుల కొట్టం కట్టేటప్పుడు ఉత్తరం గోడలోనో తూర్పు గోడలోనో పైభాగాన అంగుళం లోపు మందాన, అడుగు లోతున రెండు మూడు నిలువు సందులు వదలమని మేస్త్రికి చెప్పండి. లోపలి గరుకు అట్టాగే ఉంచాలి, పూత పూయొద్దు. జీఐ గుర్తింపు తెచ్చుకున్న శిల్పాలు చెక్కే దుర్గిలో రాతిలో సందు వదలటం ఎవరికి కష్టం చెప్పండి. మందపాటి గోడ పగలంతా చల్లగా ఉంటుంది. చెక్క పెట్టెకు ఆ సుఖం లేదు.

ఎండ గురించి ఈ మాట చాలా ముఖ్యం. ఇంటర్నెట్‌లో దొరికే పెట్టె కొలతలన్నీ చలి దేశాలవి. వాళ్లు పెట్టెకు నల్ల రంగు వెయ్యమంటారు, రోజుకు ఆరేడు గంటలు ఎండ తగలాలంటారు. మన పక్కనే రెంటచింతల ఉంది. ఎండాకాలం వార్తల్లో రాష్ట్రంలో అందరికన్నా ముందు వినపడే పేరు అది. అక్కడ నల్ల పెట్టె పెట్టి పడమటెండకు తిప్పితే మనం కట్టింది ఇల్లు కాదు, పొయ్యి. స్పెయిన్‌లోనే వేడికి పెట్టెల్లో గబ్బిలాలు చచ్చిపోయిన సంఘటనలు రాసిపెట్టారు. నలభై డిగ్రీలు దాటితే వాటికి ప్రమాదం.

కాబట్టి మన పెట్టె మన ఎండకు తగ్గట్టు ఉండాలి. వీడియోలో చూపించింది ఇదే: రెండడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, రెండు అరలు. ఒక్కో అర సందు ముప్పావు అంగుళం నుంచి అంగుళం లోపే. వెడల్పు సందు పెడితే గబ్బిలానికి గిట్టదు, కందిరీగకు గిట్టుబాటు అవుతుంది. వెనక చెక్క కిందికి ఆరంగుళాలు ఎక్కువుండాలి, అది వాలటానికి అరుగు. లోపలి వైపు రంపంతో అడ్డంగా గాట్లు పెట్టాలి, అవి గోళ్లతో పట్టుకోవటానికి. అడుగు భాగం పూర్తిగా తెరిచే ఉంచాలి. కింది నుంచి ఆరంగుళాల పైన ముందు చెక్కకు అరంగుళం గాలి సందు వదలాలి. పైకప్పు ముందుకు చూరులాగ రావాలి, దాని మీద ఖాళీ వదిలి ఇంకో రేకో చెక్కో రెండో కప్పుగా వెయ్యాలి. బయటి వైపు పిడుగురాళ్ల సున్నం రెండు పూతలు కొట్టండి, తెలుపు ఎండను తిప్పికొడుతుంది. లోపల మాత్రం సున్నం, వార్నీషు, చెదల మందు, ఏదీ వద్దు. ప్లైవుడ్ వాసన కూడా వద్దు. పాత పెట్టె చెక్క, మామిడి చెక్క చాలు. చెదలు పడితే మూడేళ్లకు మార్చుకుంటాం, అంతేగా.

ముఖం తూర్పుకు పెట్టండి. పొద్దుటెండ తగిలి, మధ్యాహ్నానికి నీడ రావాలి. పన్నెండు నుంచి పదిహేను అడుగుల ఎత్తు. చెట్టుకొమ్మల మధ్య వద్దు, కింద ఎగరటానికి ఖాళీ ఉండాలి, పిల్లికి, పాముకు దారి ఉండకూడదు. గోడ అన్నిటికన్నా మేలు. స్తంభమైతే మధ్యలో రేకు చుట్టండి. దగ్గర్లో నీళ్లుండాలి. సాగర్ కుడి కాలవ దగ్గరుంటే సరే, లేకపోతే నీటి కుంట చాలు. గబ్బిలం ఎగురుతూనే నీళ్లు తాగుతుంది, అందుకని కుంట మీద తీగలు, వలలు అడ్డం కట్టొద్దు. ఎల్‌ఈడీ లైటు వెలుగు పెట్టె మీద పడనివ్వొద్దు. ఇదంతా చేసి రెండు వానాకాలాలు ఓపిక పట్టాలి.

ఇక ఊళ్లో ఎదురయ్యే మాటలు. మేము పెట్టె బిగిస్తుంటే పక్క చేను పెద్దయ్య వచ్చి, "ఏందిరా అబ్బాయ్, గబ్బిలాయి ఇంట్లో దూరితేనే అరిష్టమని ఇల్లు కడుక్కుంటాం, నువ్వు పిలిచి ఇల్లు కట్టిస్తున్నావా?" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టను. పాడుబడ్డ ఇంట్లో గబ్బిలాలు చేరతాయి కాబట్టి గబ్బిలం చేరితే ఇల్లు పాడవుతుందని తిరగేసుకున్నాం. మన జిల్లా వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా గారు 1941లో కావ్యం రాస్తే దానికి 'గబ్బిలం' అనే పేరు పెట్టారు. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలంతో తన మొర శివుడికి పంపుకుంటాడు. మనుషులు వెలి పెట్టిన జీవి అని తెలిసే ఆయన దాన్ని ఎంచుకున్నారు. "పెద్దయ్యా, జాషువా గారు నమ్మి పంపిన దూతను మనం చేలోకి రానివ్వకపోతే ఎట్టా?" అంటే నవ్వి పోయాడు. మట్టలు మాత్రం ఆ ఏడు కొట్టించలేదు.

రోగాల భయం అంత తేలిగ్గా నవ్వి వదిలేసేది కాదు. 2018లో కోజికోడ్‌లో నిఫా వచ్చినప్పుడు, 2020లో కరోనా వచ్చినప్పుడు గబ్బిలాలున్న చెట్లు కొట్టెయ్యాలని చాలా చోట్ల గొడవ చేశారు. నిజం చెప్పుకుందాం. నిఫా వైరస్ మన దేశంలో పండ్లు తినే పెద్ద గబ్బిలాల్లో ఉంది. అవి కొరికిన పండు తినొద్దు, పిల్లలకు పెట్టొద్దు, పశువులకూ వెయ్యొద్దు. బంగ్లాదేశ్‌లో ఈ జబ్బు ఎక్కువగా పచ్చి ఖర్జూర రసం నుంచి వచ్చింది, గబ్బిలాలు రాత్రి ముంతల్లో నోరు పెడతాయి గనక. అక్కడ వెదురు తడికలు కట్టి ముంతలు కాపాడుకుంటున్నారు. మన తాటి, ఈత ముంతల మీద కూడా మూత కట్టమని గీసేవాళ్లకు చెప్పాలి. చెట్టు కొట్టటం మాత్రం దీనికి మందు కాదు. చెదిరిన మంద ఇంకో ఊరి చెట్టుకు పోతుంది, అంతే. మనం పెట్టెలోకి పిలిచేది పురుగులు తినే చిన్న జాతుల్ని. అయినా దేన్నీ ఉత్త చేతుల్తో పట్టుకోవద్దు. కింద పడి ఉంటే గుడ్డతోనో అట్టతోనో పైకి చేర్చండి. కరిస్తే సబ్బుతో బాగా కడిగి వెంటనే ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా అడగండి.

జామ, సపోటా రైతుల కోపం నాకు తెలుసు. పండ్ల గబ్బిలం నష్టం చేస్తుంది, కాదనను. మామిడి మనం కాయగానే కోస్తాం కాబట్టి దెబ్బ తక్కువ, జామకు ఎక్కువ. గుత్తులకు సంచులు కట్టటం, పండేదాకా ఉంచకుండా దోరగా కోయటం, ఇవి చేసుకోవాలి. సన్నటి నైలాన్ వల చెట్టు మీద వదులుగా పరిస్తే గబ్బిలమే కాదు, గుడ్లగూబలు, పాములు కూడా చిక్కి చస్తాయి. వల కట్టాల్సి వస్తే బిగుతుగా పందిరి మీద కట్టండి. ఇంకో మాట, ఆ పెద్ద గబ్బిలం ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. తుపాకీకి, మాంసానికి, నూనెకని వేటాడితే మళ్లీ కోలుకోవటం కష్టం. ఇప్ప, బూరుగ పూలకు పరాగం మోసేది, మర్రి, రావి గింజలు చల్లేది అదే. 1972 వన్యప్రాణి చట్టంలో కాకి, ఎలుకలతో కలిపి పండ్ల గబ్బిలాన్ని కూడా హానికర జంతువుల జాబితాలో పెట్టారు. 2022 సవరణలో ఆ జాబితానే ఎత్తేశారు. యాభై ఏళ్లు పట్టింది.

మిరప రైతులకు ఒక హెచ్చరిక. 2021-22లో మనల్ని ముంచిన నల్ల తామర పురుగుకు గబ్బిలం మందు కాదు. పూలో దూరి ఉండే అంత చిన్న పురుగును అది ఏరుకోలేదు. రసం పీల్చే పురుగులకు మన కషాయాలు, జిగురు అట్టలు, జొన్న సరిహద్దు పంట ఉండాల్సిందే. ఎవరైనా పెట్టె పెడితే అన్నీ పోతాయని చెబితే నమ్మొద్దు.

నాకు ఇంకో భయం కూడా ఉంది. ఈ మాట నలుగురిలో పాకితే రేపు పథకం పెట్టి, టెండరు పిలిచి, ఊరికి వంద ప్లాస్టిక్ పెట్టెలు పంచుతారు. ఫొటోలు దిగుతారు. నల్ల ప్లాస్టిక్ పెట్టె పల్నాడు మే నెలలో ఏమవుతుందో పైనే చెప్పాను. దానికన్నా రైతు సాధికార సంస్థ వాళ్ల ఐసీఆర్పీలు, మహిళా సంఘాలు ఊరిలో తొర్ర చెట్లకు, గబ్బిలాలుండే తాళ్లకు నంబర్లు వేసి పుస్తకంలో రాసుకుంటే చాలా మేలు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో పక్షుల్ని ఊరివాళ్లే కాపాడుకున్నారు. బీహార్‌లో సర్‌సయి అనే ఊళ్లో గబ్బిలాలున్న చెట్ల మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వరు. ఇది ఒక్క రైతు చేసే పని కాదు. గబ్బిలం రాత్రికి కిలోమీటర్లు తిరుగుతుంది. నా చేలో అస్త్రాలు కొట్టి పక్క చేలో విషం కొడుతుంటే, విషం తిన్న పురుగును తిని అది నా పెట్టెలోకి వచ్చి చస్తుంది.

పెట్టె ఖాళీగా ఉందో లేదో తెలుసుకోవటానికి టార్చి వేసి పొడవొద్దు, అవి బెదిరిపోతాయి. కింద రెట్ట చూడండి. ఎలుక పెంటికలాగే ఉంటుంది గానీ వేళ్లకు గుడ్డ చుట్టి నలిపితే పొడి అయిపోతుంది, పురుగు రెక్కల మెరుపు కనపడుతుంది. ఎలుకదైతే గట్టిగా ఉంటుంది. ఆ రెట్ట మంచి ఎరువు, నత్రజని ఎక్కువ. ఊడ్చే ముందు నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఎత్తి ఘనజీవామృతం కుప్పలో కలపండి. ఎండు దుమ్ము పీల్చొద్దు.

చెక్క కొనకముందు ఒక పని చేయండి. ఈ వారం మూడు సాయంత్రాలు, పొద్దుగూకినాక పావుగంటకు చేలో కూర్చుని, అరగంట ఆకాశం చూసి ఎన్ని తిరిగాయో లెక్కపెట్టండి. ఒక్కటీ కనపడకపోతే పెట్టె ఇప్పుడే వద్దు. ముందు కుంట తవ్వి, గట్టున చెట్లు పెంచండి. నాలుగైదు కనపడితే అవి ఏ వైపు నుంచి వస్తున్నాయో చూడండి, ఆ తాడిచెట్టు ఎవరి గట్టున ఉందో కనుక్కోండి. ఊరి పేరు, లెక్క రాసి పంపండి. వచ్చే వీడియోలో ఆ చెట్ల దగ్గరికే వస్తాం.